ఒళ్లు నొప్పికి ఫిజియో దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి, ఎప్పుడు వెళ్లకూడదు

నేను ఫిజియోథెరపిస్టును. నొప్పి ఎంత ఉందని మొదట అడగను. దాని వల్ల ఏ పని ఆగిపోయిందని అడుగుతాను.

నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేయమనే ప్రశ్న మా కాగితంలో ఉంటుంది, దాన్నీ నింపుతాను. కాకపోతే ఆ అంకె మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. తొమ్మిది అని చెప్పి, కబుర్లాడుతూ చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచేవాళ్లుంటారు. "ఏముందమ్మా, మూడో నాలుగో" అని తేల్చేసి, జుట్టు దువ్వుకోవడానికి చెయ్యి లేవక తలనే చేతి దగ్గరకు వంచేవాళ్లూ ఉంటారు. నాకు టెన్షన్ ఈ రెండో రకం మనిషి గురించే. ఎప్పుడో రావాల్సిన మనిషి, నొప్పి తక్కువగా ఉందని రాకుండా ఉండిపోయారు.

కాబట్టి ఫిజియోథెరపీకి వెళ్లాలా వద్దా అనేది తేల్చుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు. ఈ నొప్పి వల్ల నేను చేయడం మానేసిన పని ఏమిటి? పోయిన వారంతో పోలిస్తే ఇప్పుడు తగ్గుతోందా, అలాగే ఉందా, పాకుతోందా? అయితే ఈ రెండింటికంటే ముందు ఇంకో సంగతి తేలాలి. అసలు అది ఫిజియో చూడాల్సిన నొప్పేనా అని.

ముందు డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సినవి

కండరాలు, కీళ్లు, లిగమెంట్ల (ఎముకను ఎముకతో కలిపి ఉంచే పట్టీల) నొప్పి కదిపితే మారుతుంది. ఒక వైపు వంగితే పెరుగుతుంది, ఇంకోలా పడుకుంటే తగ్గుతుంది. ఎలా కదిపినా, ఎలా పడుకున్నా ఏ తేడా లేకపోతే నేను చెయ్యి వేయడానికి వెనకాడతాను.

ఎడమ భుజం నొప్పి అంటూ ఒకాయన వచ్చారు. చెయ్యి పైకెత్తించాను, వెనక్కి తిప్పించాను, నా చేతికి ఎదురుగా నెట్టమన్నాను. ఏం చేసినా నొప్పి రాలేదు. మరి ఎప్పుడొస్తుందండీ అని అడిగితే, మెట్లెక్కుతుంటే వస్తుందన్నారు. కాసేపు నిలబడితే పోతుందట. మెట్లెక్కేది కాళ్లు, నొప్పి వచ్చేది భుజంలో. ఆ పూటే ఆయన్ని గుండె డాక్టర్ దగ్గరకు పంపించాను. శ్రమ పడితే వచ్చి, ఆగితే తగ్గే నొప్పి ఛాతీలో ఉన్నా, భుజంలో ఉన్నా, దవడలో ఉన్నా ముందు గుండెను అనుమానించాలి. చెమటలు, ఆయాసం, వాంతి వచ్చేట్టు ఉండడం తోడైతే, లేదా ఆగినా తగ్గకపోతే ఇక ఆలోచన అక్కర్లేదు, అంబులెన్స్ పిలవాలి.

నడుము నొప్పి ఉన్నవాళ్లను నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది, అడిగేదాకా చాలామంది సిగ్గుపడి చెప్పరు. మూత్రం సరిగా వస్తోందా? బిగుసుకుపోయి రాకపోవడం, తెలియకుండా జారిపోవడం, మలం మీద పట్టు తప్పడం, తొడల మధ్య, కూర్చునే భాగంలో మొద్దుబారడం, రెండు కాళ్లలోనూ బలం తగ్గడం. వీటిలో ఏది కొత్తగా మొదలైనా వెన్నెముక అడుగున ఉండే నరాల కట్ట నలుగుతోందని అనుమానించాలి. దీన్ని కాడా ఈక్వైనా సిండ్రోమ్ అంటారు. రేపు చూద్దాం అనుకోకూడదు, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే మూత్రం మీద పట్టు మళ్లీ రాకపోవచ్చు.

నడుము నొప్పితో జ్వరం ఉంటే, కారణం తెలియకుండా బరువు తగ్గుతుంటే, గతంలో క్యాన్సర్ వచ్చి ఉంటే, రాత్రి ఎటు తిరిగినా తగ్గక నిద్ర లేపేస్తుంటే ముందు డాక్టరే. పెద్దవయసులో చిన్నగా జారిపడ్డాక మొదలైన నడుము నొప్పి, ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్ల నడుము నొప్పి కూడా అంతే, వెన్నుపూస నలిగి ఉండొచ్చు. పడిన తర్వాత కాలు పొట్టిగా కనిపిస్తూ పాదం బయటికి తిరిగిపోయి ఉంటే తుంటి విరిగిందనే అనుకోండి. లేపి నడిపించే ప్రయత్నం చేయొద్దు.

ఒక్క కీలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం కూడా ఉంటే కీలులో ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు. అది ఎమర్జెన్సీ. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉండి, ఈమధ్య ఆపరేషనో, గంటల తరబడి ప్రయాణమో, మంచాన పడటమో జరిగి ఉంటే రక్తం గడ్డకట్టిందేమో చూపించాలి. పిక్క పట్టేసిందని మసాజ్ చేయించుకోవడం ఇక్కడ ప్రమాదం. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు.

డొక్కలో మొదలై గజ్జల వైపు పాకుతూ, అలలు అలలుగా వచ్చే నొప్పిని కూడా నడుము నొప్పే అనుకుని వస్తారు. తేడా సులువు. కండరం పట్టిన మనిషి కదలకుండా ఉండాలనుకుంటారు. కిడ్నీలో రాయి ఉన్న మనిషి ఒకచోట కూర్చోలేరు, నిలబడలేరు, గదంతా తిరుగుతుంటారు.

చీలమండ బెణికినప్పుడు ఎక్స్‌రే కావాలా అన్నది పెద్ద సందేహం. 1992లో కెనడాలోని ఒటావాలో డాక్టర్లు దీనికి కొన్ని నియమాలు తయారుచేశారు, ఇప్పటికీ ప్రపంచమంతా వాడతారు. బెణికిన వెంటనేనూ, తర్వాత చూపించుకునేటప్పుడూ కుంటుతూనైనా నాలుగు అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. చీలమండకు రెండు పక్కలా ఉండే ఎముక గుబ్బల వెనక అంచున నొక్కితే నొప్పి ఉన్నా, చిటికెన వేలి వైపు పాదం మధ్యలో ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా, పాదం లోపలి పక్క వంపు పైన ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా అంతే. ఇవేవీ లేకపోతే విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. అలాంటి బెణుకు నేరుగా నా దగ్గరకు రావచ్చు.

ఆటలో మడమ వెనక ఎవరో తన్నినట్టు అనిపించి, తిరిగి చూస్తే ఎవరూ లేకపోవడం, ఆ తర్వాత ఆ కాలి మునివేళ్ల మీద లేవలేకపోవడం అకిలిస్ టెండన్ (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే తాడు లాంటి భాగం) తెగిన గుర్తు. రోజుల్లోనే ఎముకల డాక్టర్ చూడాలి. మోకాలు మెలిపడ్డాక రెండు మూడు గంటల్లోనే ఉబ్బిపోతే లోపల రక్తం చేరిందని అర్థం, లిగమెంటు తెగి ఉండొచ్చు. మర్నాటికి మెల్లగా వచ్చే వాపు అంత కంగారు పెట్టదు. మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి పూర్తిగా చాపలేకపోతే మాత్రం నా వ్యాయామాలతో తెరుచుకునే వ్యవహారం కాదు.

పిల్లల సంగతి ఒక్క మాట. సాయంత్రమో రాత్రో రెండు కాళ్లూ పీకుతున్నాయని ఏడ్చి, పొద్దున్నే మామూలుగా పరిగెత్తే పిల్లల గురించి భయం లేదు. కుంటే పిల్లల్ని, ఎప్పుడూ ఒకే కాలు నొప్పి అనేవాళ్లను, జ్వరం ఉన్నవాళ్లను డాక్టర్‌కు చూపించండి. పదేళ్లు దాటిన పిల్లలు మోకాలు చూపించి నొప్పంటే తుంటి కూడా చూడాలి. తుంటిలో ఎముక జారినా నొప్పి మోకాల్లో తెలుస్తుంది.

ఒళ్లంతా నొప్పులు అన్నప్పుడు

ఫలానా చోట అని చూపించలేక, "పైనుంచి కిందిదాకా అన్నీ నొప్పులే" అనేవాళ్లకు నేను మొదట రక్తపరీక్షలు చేయించుకు రమ్మంటాను. థైరాయిడ్ తగ్గినా, విటమిన్ డి బాగా తక్కువున్నా ఒళ్లు నొప్పులు వస్తాయి. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ మాత్రలతో కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. మాత్ర సొంతంగా మానేయకుండా, రాసిన డాక్టర్‌కు చెప్పండి. వైరల్ జ్వరం తర్వాత కీళ్ల నొప్పులు వారాల పాటు మిగలొచ్చు.

పొద్దున లేచాక బిగుసుకుపోయిన కీళ్లు ఎంతసేపటికి వదులుతాయన్నది బాగా పనికొచ్చే ప్రశ్న. అరుగుదల వల్ల వచ్చే బిగుసుదనం మామూలుగా అరగంటలోపు సర్దుకుంటుంది. గంట దాటినా పిడికిలి బిగించలేకపోవడం, రెండు చేతుల వేళ్ల కణుపులూ మెత్తగా వాచి ఉండడం కనిపిస్తే కీళ్లవాతం డాక్టర్‌ను కలవాలి. ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు మందు ఎంత త్వరగా మొదలుపెడితే కీళ్లు అంత దక్కుతాయి. అలాంటివాళ్లు నా దగ్గర వ్యాయామాలతో నెలలు గడపడం నాకు ఇష్టం లేదు. మందు కుదిరాక రండి, అప్పుడు చేయాల్సిన పని చాలా ఉంటుంది.

కొన్నాళ్లు ఆగి చూడదగ్గవి

అలవాటు లేని బరువులెత్తినా, కొత్తగా జిమ్‌కు వెళ్లినా మర్నాడు ఒళ్లు హూనమవుతుంది. రెండో రోజు, మూడో రోజు ఇంకా ఎక్కువవుతుంది, వారం తిరక్కుండా పోతుంది. దీనికి ఎవరి దగ్గరకూ వెళ్లక్కర్లేదు. ఒకే ఒక్క హెచ్చరిక: మూత్రం ముదురు గోధుమరంగులో వస్తే కండరాలు బాగా దెబ్బతిన్నాయని అర్థం, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నిద్రలో మెడ పట్టేయడం, వంగి ఏదో ఎత్తబోతే నడుము పట్టేయడం కూడా చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. మామూలు నడుము నొప్పి ఆరు వారాల్లోపు చాలామందిలో బాగా తగ్గుతుంది. ఈలోపు మంచం ఎక్కొద్దు. 1986లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. నడుము నొప్పి ఉన్నవాళ్లలో కొందరికి 2 రోజులు, కొందరికి 7 రోజులు మంచం మీద విశ్రాంతి చెప్పారు. కోలుకోవడంలో తేడా రాలేదు. 2 రోజులవాళ్లు పనికి తక్కువ రోజులు సెలవు పెట్టారు, అంతే. ఇప్పుడు ఆ రెండు రోజులు కూడా మేం చెప్పడం లేదు. ఓర్చుకోగలిగినంత మేరకు ఇంట్లో తిరుగుతూ ఉండండి, ఒకే చోట అరగంటకు మించి కూర్చోకండి.

ఐసా, కాపడమా అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. దెబ్బ తగిలి కొత్తగా వాచిన చోట వేడి వద్దు. మిగతా వాటికి మీకు ఏది హాయిగా ఉంటే అది. రెండూ నొప్పిని కాసేపు మరపిస్తాయి, అంతకు మించి ఆశించొద్దు. దెబ్బకు విశ్రాంతి, ఐస్, కట్టు, ఎత్తులో పెట్టడం అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన డాక్టర్ గేబ్ మిర్కిన్ తర్వాతి కాలంలో ఐస్ వల్ల దెబ్బ నయం కావడం ఆలస్యం కావచ్చని తానే చెప్పారు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు వేడినీళ్ల సంచి పెట్టుకోవద్దు. కాలినా తెలియదు.

ఆగి చూడడం అంటే ఊరికే ఎదురుచూడడం కాదు. ఒక పని ఎంచుకోండి. కూర్చుని సాక్సు వేసుకోవడమో, బండి వెనక్కి తీసేటప్పుడు మెడ తిప్పి చూడడమో, పై అరలోంచి డబ్బా దించడమో. రోజూ పొద్దున ఒకే సమయానికి అది ఎంత సాఫీగా అవుతోందో గమనించండి. నొప్పిని గమనిస్తే ఆ రోజు మూడ్, నిద్ర అన్నీ అందులో కలిసిపోతాయి, పనిని గమనిస్తే అంత తేడా రాదు. రెండు వారాలకు ఆ పనిలో మెరుగు లేకపోతే అపాయింట్‌మెంట్ తీసుకోండి. మెరుగవుతుంటే నెమ్మదిగా అయినా సరే, ఆగవచ్చు. ఆరు వారాలకు కూడా పూర్తిగా తగ్గకపోతే ఎంత మెరుగైనా ఒకసారి చూపించుకోవడం మంచిది. మూడు నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటాం. అప్పటికి దెబ్బతిన్న చోటు చాలావరకు మానిపోయి ఉంటుంది, నాడీవ్యవస్థ మాత్రం అలవాటుగా హెచ్చరిస్తూనే ఉంటుంది. అదీ తగ్గుతుంది, కాకపోతే ఎక్కువ కాలం పడుతుంది. నొప్పి మాత్ర లేకుండా రోజు గడవని స్థితి రెండు వారాలు సాగినా అదే లెక్క, ఇంకా ఆగకండి.

ఆగకుండా రావాల్సినవి

అన్నిటికంటే ముందు భుజం. నేను ఎక్కువగా "ఇంతకు ముందే వచ్చి ఉంటే" అనుకునే కీలు ఇది. మొదట్లో రాత్రి ఆ వైపు పడుకుంటే నొప్పి. తర్వాత వెనక జేబులోకి చెయ్యి పోదు, వీపు మీద హుక్ అందదు. మనిషి తెలివిగా రెండో చేత్తో సర్దుకుపోతారు, నొప్పి కూడా కాస్త తగ్గినట్టు ఉంటుంది. ఈలోపు కీలు చుట్టూ ఉన్న పొర దగ్గరపడిపోతుంది. దీన్నే ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. 40 నుంచి 60 ఏళ్ల మధ్య ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ, థైరాయిడ్ ఉన్నవాళ్లలోనూ కనిపిస్తుంది. వదిలేస్తే ఏడాది నుంచి మూడేళ్ల దాకా సాగుతుంది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు మోచేతులూ పక్కటెముకలకు ఆనించి మడవండి, అరచేతులు ఎదురెదురుగా ఉండాలి. ఇప్పుడు మోచేతులు కదలకుండా రెండు ముంజేతులనూ తలుపు రెక్కల్లా బయటికి తెరవండి. ఒకటి తెరుచుకుని రెండోది సగంలో ఆగిపోతే, ఇంట్లో వాళ్లను ఆ చేతిని మెల్లగా తెరవమనండి. వాళ్లు తెరిచినా రాకపోతే కీలు బిగుసుకుంటోంది. వాళ్లు తెరిస్తే వచ్చి, మీ అంతట మీకు రాకపోతే, లేదా చెయ్యి ఎత్తి వదిలితే జారి పడిపోతుంటే, అది భుజం చుట్టూ ఉన్న కండరాల టెండన్ సమస్య. పడిన తర్వాత ఉన్నట్టుండి అలా అయితే ముందు ఎముకల డాక్టర్, తెగి ఉండొచ్చు. మిగతా సందర్భాల్లో ఈ రెండూ నా పనే, ఆ వారంలోనే రండి.

కాల్లోకి దిగే నడుము నొప్పి, అదే సయాటికా. ఇందులో నొప్పి ఎంతన్నది పక్కన పెట్టి, ఎంత కిందికి దిగిందన్నది చూడండి. పోయిన వారం పిరుదు దాకా ఉన్నది ఈ వారం పిక్క దాకా, పాదం దాకా వస్తే మంచి సూచన కాదు. అదే పిక్కలోంచి ఖాళీ అయి నడుములోకి చేరితే, నడుములో నొప్పి కాస్త పెరిగినా సరే, చాలావరకు శుభసూచన. ఇది చెప్పకపోతే జనం కంగారుపడి వ్యాయామం మానేస్తారు. రోజూ ఒకసారి మడమల మీద పది అడుగులు నడవండి, తర్వాత మునివేళ్ల మీద నడవండి. ఒక పాదం ముందుభాగం లేవకుండా నేలకు ఈడ్చుకుంటుంటే అది బలహీనత, అప్పుడు నా దగ్గరకు కాదు, ఆ రోజే డాక్టర్ దగ్గరకు. బలం బాగుండి తిమ్మిరి, నొప్పి మాత్రమే ఉంటే నేను చూస్తాను. జారిన డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు) ముక్కల్లో చాలావాటిని ఒళ్లే నెలల్లో కరిగించుకుంటుందని చెబితే నమ్మరు గానీ, అది నిజం.

రాత్రి చేతి తిమ్మిరితో మెలకువ వచ్చి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుందా? ఏ వేళ్లో గమనించండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అయితే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోంది. చిటికెన వేలైతే మోచేయి దగ్గర. మొదట్లోనే వస్తే రాత్రిపూట పట్టీ, పనిలో కొన్ని మార్పులతో చాలామందికి సరిపోతుంది. బొటనవేలి మొదట ఉండే కండ పల్చబడేదాకా ఆగితే వ్యవహారం ఆపరేషన్ దాకా వెళుతుంది.

ఒకే చీలమండ మళ్లీ మళ్లీ బెణకడం, ఒకే చోట నడుము ఏటా పట్టేయడం, సిమెంటు కట్టు విప్పాక కీలు కదలకపోవడం, ఏ కీలు ఆపరేషన్ తర్వాతైనా వ్యాయామాలు చెప్పేవాళ్లు లేకపోవడం, వీటన్నిటికీ ఆగడంలో అర్థం లేదు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో గుచ్చే నొప్పి, కప్పు ఎత్తితే మోచేయి బయటి పక్క లాగే నొప్పి కూడా విశ్రాంతితో తగ్గి, పని మొదలెట్టగానే తిరిగొస్తాయి. టెండన్లకు, మడమ కింద పట్టీకి కావాల్సింది కొంచెం కొంచెంగా పెంచే బరువు. ఎంత, ఎప్పుడు పెంచాలో చెప్పడానికే నేనున్నది. అవి కుదుటపడటానికి నెలలు పడుతుందని ముందే చెబుతాను.

ఇంట్లో పెద్దవాళ్ల విషయంలో నొప్పి గురించి అడగడం మానేసి చూడండి. ఈమధ్య వాళ్లు బయటికి వెళ్లడం తగ్గించారా? గోడ పట్టుకుంటున్నారా? ఒక కుర్చీ వేసి, మూడు మీటర్ల దూరంలో ఒక గుర్తు పెట్టండి. లేచి, మామూలు వేగంతో అక్కడిదాకా నడిచి, తిరిగొచ్చి కూర్చోమనండి. మొత్తం 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టే. "వయసు కదా" అని వదిలేసే మోకాళ్ల నొప్పుల వెనక చాలాసార్లు తొడ కండరాల బలహీనత ఉంటుంది, ఆ బలం ఎనభై ఏళ్ల వయసులో కూడా పెరుగుతుంది. మోకాళ్ల అరుగుదలకు వ్యాయామమే మొదటి వైద్యం. ఆపరేషన్ తర్వాతి మాట.

స్కాన్ తెచ్చుకుని రావాలా

అక్కర్లేదు. డాక్టర్ అడిగితే తప్ప మామూలు నడుము నొప్పికి ఎమ్మారై తీయించుకోవద్దు. ఏ నొప్పీ లేని 3,110 మంది వెన్ను స్కాన్ల ఫలితాలను కలిపి చూసిన సమీక్ష 2015లో వచ్చింది. 20 ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, 80 ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్క్ అరుగుదల ఉంది. డిస్క్ ఉబ్బు 20 ఏళ్లవాళ్లలో 30 శాతం, 80 ఏళ్లవాళ్లలో 84 శాతం. వీళ్లెవరికీ నడుము నొప్పి లేదు. "నాకు డిస్క్ అరిగిపోయింది" అని రిపోర్టు చూసుకుని వంగడం మానేసినవాళ్లను మామూలు మనుషులను చేయడం, డిస్క్‌ను సరిచేయడం కంటే కష్టమైన పని.

మొదటి రోజు

కొన్ని దేశాల్లో ఫిజియో దగ్గరకు నేరుగా వెళ్లవచ్చు, కొన్నిచోట్ల డాక్టర్ చీటీ కావాలి. ఫోన్ చేసి కనుక్కోండి. మోకాలికైతే పైకి మడిచే వీలున్న బట్టలు, భుజానికైతే చేతుల్లేని బనియన్ వేసుకోండి. వాడుతున్న మందుల పేర్లు రాసుకెళ్లండి, రక్తం పల్చబరిచే మాత్రలు వాడుతుంటే మొదటే చెప్పండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, ఒంట్లో లోహపు రాడ్ ఉన్నా, గర్భంతో ఉన్నా మిషన్ పెట్టకముందే చెప్పాలి. కొన్ని మిషన్లు వాళ్లకు పనికిరావు.

మొదటి రోజు సగం సమయం ప్రశ్నలకు, పరీక్షకు పోవాలి. మిమ్మల్ని కదిపి చూడకుండా నేరుగా మంచం ఎక్కించి కరెంటు పెట్టేస్తే నాకు అనుమానమే. కరెంటు, అల్ట్రాసౌండ్, వేడి పెట్టె, అన్నీ నా దగ్గరా ఉన్నాయి. నొప్పి కాస్త తగ్గించి వ్యాయామం చేయగలిగేలా చేయడానికి వాడతాను. పది రోజులు కేవలం మిషన్ కింద పడుకుని ఇంటికి వెళితే ఎక్కువమందికి మిగిలేది తాత్కాలిక ఉపశమనమే. మీకు ఇంట్లో చేయడానికి రెండు మూడు వ్యాయామాలు, అవి ఎందుకో ఒక కారణం, మళ్లీ ఎప్పుడు రావాలో ఒక తేదీ దొరకాలి. పది వ్యాయామాల చీటీ ఇస్తే ఎవరూ చేయరు, అది నాకు బాగా తెలుసు.

మెడను ఒక్క విసురుతో తిప్పి టక్‌మనిపించే వైద్యం ఎవరు పడితే వాళ్ల చేత చేయించుకోవద్దు. మెడలోని ధమని చిరిగే ప్రమాదం అరుదే అయినా ఉంది. ఇంతకుముందెన్నడూ లేనంత మెడ నొప్పో తలనొప్పో వచ్చి, తల తిరగడం, చూపు రెండుగా కనిపించడం, మాట తడబడటం కూడా ఉంటే ఎవరి చేతా నొక్కించుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

వ్యాయామం చేస్తుంటే కొద్దిగా నొప్పి రావచ్చు. పదిలో మూడు నాలుగు దాకా పర్వాలేదు, మర్నాటి పొద్దుటికి మళ్లీ మామూలు స్థాయికి రావాలి. (ఇక్కడ మాత్రం ఆ అంకె నాకు పనికొస్తుంది, ఎందుకంటే పోల్చేది మీతో మిమ్మల్నే.) మర్నాడు కూడా ఎక్కువగానే ఉంటే వ్యాయామం మానొద్దు, ముందు లెక్క సగానికి తగ్గించండి, ఫోన్ చేసి చెప్పండి.

నాలుగైదు వారాలు చెప్పినవన్నీ చేసినా, మీరు ఎంచుకున్న ఆ ఒక్క పనిలో ఏ మార్పూ రాకపోతే నేను మళ్లీ మొదటి నుంచి పరీక్షిస్తాను, లేదా డాక్టర్‌కు ఉత్తరం రాసి పంపిస్తాను. మీ ఫిజియో ఆ మాట ఎత్తకుండా అవే సిట్టింగులు పొడిగిస్తుంటే, "ఇప్పటిదాకా ఏం మారింది, ఇక ముందు ఏం మారుస్తారు" అని మీరే అడగండి. సూటిగా జవాబు రాకపోతే వేరే ఫిజియోకు చూపించుకోండి.